పాత లైబ్రరీల డిపెండెన్సీ గొడవలు: మా ప్రాజెక్టులో తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు చేసే పని చిన్నదే. ఇచ్చిన తెలుగు వాక్యాన్ని బొమ్మ మీద పొందిగ్గా రాసి ఇస్తుంది. పైతాన్‌లో రాసింది, అడుగున పిల్లో (బొమ్మలకు), నంపై (లెక్కలకు), ఫ్లాస్క్ (వెబ్‌కి), పైయామెల్ (కాన్ఫిగ్ ఫైళ్లకు) అనే లైబ్రరీలు ఉన్నాయి; మా కోడ్ ఆధారపడే ఇలాంటివాటినే డిపెండెన్సీలు అంటారు. ఏళ్ల తరబడి పైతాన్ 3.8 మీదే ఉండిపోయి, ఒక్కసారిగా 3.12కి ఎక్కాల్సి వచ్చినప్పుడు ఒకదాని వెనక ఒకటి పగిలాయి. అప్పట్నుంచి కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ ఇవే సందేహాలు అడుగుతున్నారు, అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావాల్సిన చోటికి నేరుగా వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

కాన్‌ఫ్లిక్ట్ అంటున్నారు, అసలు గొడవ ఎవరికి ఎవరితో?

చాలాసార్లు మీ కోడ్‌కి సంబంధమే ఉండదు. మీరు తెచ్చుకున్న రెండు లైబ్రరీల మధ్య గొడవ అది. ఒకటి నంపై 2 కంటే తక్కువది కావాలంటుంది, ఇంకోటి 2 గానీ ఆపైది గానీ కావాలంటుంది. పైతాన్‌లో ఒక ఎన్విరాన్‌మెంట్‌కి (ఒక ప్రాజెక్టు లైబ్రరీలన్నీ ఉండే చోటు) ఒక లైబ్రరీ ఒకే వెర్షన్‌లో ఉంటుంది. జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌లో ఒకే ప్యాకేజీ రెండు వెర్షన్లు వేర్వేరు ఫోల్డర్లలో పక్కపక్కన ఉండగలవు, ఇక్కడ ఆ వీలు లేదు. కాబట్టి ఇద్దరూ ఒప్పుకునే వెర్షన్ వెతకాలి, లేదా ఇద్దరిలో ఒకరిని మార్చాలి.

నేనేమీ ముట్టుకోలేదు, నిన్న నడిచింది, ఇవాళ ఎందుకు పగిలింది?

మీరు ముట్టుకోకపోయినా, పైతాన్ లైబ్రరీలు దొరికే పైపీఐలో కొత్త వెర్షన్ వచ్చి ఉంటుంది. మాకు జరిగింది ఇదే. ఫ్లాస్క్‌ని 2.2.2 దగ్గర పిన్ చేసి (ఆ ఒక్క వెర్షన్‌కే కట్టేసి) నిశ్చింతగా ఉన్నాం. ఫ్లాస్క్ కింద వెర్క్‌జూగ్ అనే లైబ్రరీ ఉంది, దాన్ని మేం ఎక్కడా రాయలేదు. ఫ్లాస్క్ 2.2.2 తనకి వెర్క్‌జూగ్ 2.2.2 గానీ ఆపైది గానీ కావాలని చెప్పింది తప్ప, పై హద్దు పెట్టలేదు. 2023 సెప్టెంబరు 30న వెర్క్‌జూగ్ 3.0 విడుదలై, అందులో 'యూఆర్ఎల్ కోట్' అనే ఫంక్షన్ తీసేశారు. ఆ తర్వాత కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రతి ఒక్కరికీ ఇంపోర్ట్ ఎర్రరే. ముందే ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్ల మెషీన్లలో మాత్రం చక్కగా నడిచింది, అందుకే 'నా దగ్గర పనిచేస్తోందే' అనే మాట రోజంతా వినిపించింది.

పగిలింది ఏ రోజో తెలుసుకోవడానికి యూవీ అనే టూల్‌లో 'ఎక్స్‌క్లూడ్ న్యూయర్' ఆప్షన్ బాగా పనికొస్తుంది. ఫలానా తేదీ తర్వాత వచ్చినవేవీ లెక్కలోకి తీసుకోవద్దని చెప్పి ఇన్‌స్టాల్ చేయొచ్చు. పదిహేను రోజుల కిందటి తేదీ ఇస్తే నడిచి, నిన్నటి తేదీ ఇస్తే పగిలితే, తప్పు మీ కోడ్‌లో వెతకక్కర్లేదు.

పాత వెర్షన్లతో నడుస్తోంది కదా, కదిలించడం ఎందుకు?

2023 సెప్టెంబరులో, వెబ్‌పీ బొమ్మలు తెరిచే లిబ్‌వెబ్‌పీ లైబ్రరీలో పెద్ద లోపం బయటపడింది. కావాలని తయారుచేసిన ఒక బొమ్మ పంపి ప్రోగ్రామ్‌ని దెబ్బతీయొచ్చు. పిల్లో తన వీల్స్‌లో (ముందే కట్టి ఉంచిన ఇన్‌స్టాల్ ఫైళ్లలో) లిబ్‌వెబ్‌పీని కూడా కలిపి ఇస్తుంది, సరిచేసిన లిబ్‌వెబ్‌పీతో పిల్లో 10.0.1 అదే నెలలో వచ్చింది. కానీ 10.0లో కొన్ని పాత ఫంక్షన్లు తీసేశారు. ఆ ఫంక్షన్లు వాడుతూ 9 దగ్గర ఆగిపోయిన ప్రాజెక్టులకు ఆ మందు అందుబాటులో లేదు. ముందు కోడ్ మార్చుకోవాలి, ఆ తర్వాతే భద్రత. మాది జనం పంపిన బొమ్మలు తెరిచే ప్రోగ్రామ్. ఆ వారం హడావుడిగా కోడ్ మార్చాల్సి వచ్చింది. అదే పని ఏడాది ముందు, హెచ్చరికలు వస్తున్నప్పుడే చేసి ఉంటే ఒక సాయంత్రం పని.

ఉబుంటులో పిప్ ఇన్‌స్టాల్ కొడితే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్' అని తిప్పి పంపుతోంది. ఏం చేయాలి?

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారుచేసుకుని అందులో ఇన్‌స్టాల్ చేయండి. డెబియన్ 12, ఉబుంటు 23.04 నుంచి సిస్టమ్ పైతాన్‌లోకి పిప్ (లైబ్రరీలు ఇన్‌స్టాల్ చేసే టూల్) నేరుగా రాయకుండా అడ్డుపెట్టారు. ఆపరేటింగ్ సిస్టమ్ సొంత టూల్స్ ఆ పైతాన్ మీదే నడుస్తాయి. 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అనే ఆప్షన్ ఇస్తే అడ్డు తొలుగుతుంది, దాని పేరే దాని ఫలితం.

## ఎర్రర్ చదివేటప్పుడు

'రిజల్యూషన్ ఇంపాజిబుల్' అని స్క్రీన్ నిండా వచ్చింది. ఎక్కడ చదవాలి?

అడుగు నుంచి పైకి చదవండి. 'ద కాన్‌ఫ్లిక్ట్ ఈజ్ కాజ్డ్ బై' అన్న వరుస దొరికేదాకా పైకి వెళ్లండి. దాని కింద రెండు మూడు వరుసల్లో ఎవరు ఏం అడుగుతున్నారో తేటగా ఉంటుంది: ఫలానా లైబ్రరీ ఫలానా వెర్షన్ 'డిపెండ్స్ ఆన్' ఫలానాది. ఆ వరుసల్ని కాగితం మీద రాసుకోండి. మిగతా రొదంతా పిప్ ఏమేం ప్రయత్నించిందో చెప్పే చరిత్ర.

'ద యూజర్ రిక్వెస్టెడ్' అని ఉన్న వరుస ఉంటే అది మీ రిక్వైర్‌మెంట్స్ ఫైల్ మాట. నా అనుభవంలో సగం గొడవలు అక్కడే తేలిపోతాయి. ఎవరో ఎప్పుడో ఒక వెర్షన్ దగ్గర పిన్ చేసి వెళ్లిపోయి ఉంటారు, దాని కారణం ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. గిట్ బ్లేమ్‌లో (ఏ వరుస ఎవరు, ఎప్పుడు రాశారో చూపేది) ఆ వరుస చూసి, కారణం ఇంకా నిలబడుతోందో లేదో తేల్చుకుని తీసేయండి.

ఈ లైబ్రరీ పేరు నేనెక్కడా రాయలేదు. ఎవరు తెచ్చారు?

పిప్ డెప్ ట్రీ అనే టూల్ ఇన్‌స్టాల్ చేసి, 'రివర్స్' ఆప్షన్‌తో ఆ లైబ్రరీ పేరు ఇవ్వండి. దాన్ని ఎవరు అడిగారో, వాళ్లను ఎవరు అడిగారో చెట్టు తలకిందులుగా కనిపిస్తుంది. మార్కప్‌సేఫ్ పేరు మా ఫైళ్లలో ఎక్కడా లేదు. ఫ్లాస్క్ జింజాని తెచ్చింది, జింజా మార్కప్‌సేఫ్‌ని తెచ్చింది. 2022 ఫిబ్రవరిలో మార్కప్‌సేఫ్ 2.1.0 నుంచి 'సాఫ్ట్ యూనికోడ్' తీసేసినప్పుడు పాత జింజా 2 మీద ఉన్నవాళ్లంతా పడిపోయారు. అప్పుడు చాలామంది మార్కప్‌సేఫ్‌ని 2.0.1 దగ్గర పిన్ చేశారు. అది నొప్పి మాత్ర లాంటిది, జింజాని 3కి తీసుకెళ్లడమే వైద్యం.

పిప్ అరగంట నుంచి ఒకే లైబ్రరీ పాత వెర్షన్లు వరసగా దింపుకుంటోంది. ఆపేయనా?

ఆపేయండి. దాన్ని బ్యాక్‌ట్రాకింగ్ అంటారు. 2020 నవంబరులో వచ్చిన పిప్ 20.3 నుంచి కొత్త రిజాల్వర్ (వెర్షన్లు కుదిర్చే భాగం) ఉంది. అంతకుముందు పిప్ ముందు కనిపించిన వెర్షన్ పెట్టేసి గొడవను పట్టించుకోకుండా సాగిపోయేది. ఇప్పుడు అందరికీ కుదిరే కలయిక దొరికేదాకా ఒక్కో వెర్షన్ వెనక్కి వెళ్లి చూస్తుంది. వెతికే పరిధి మరీ వదులుగా ఉంటే ఆ వెతుకులాట తెగదు. ఏ లైబ్రరీ దగ్గర తిరుగుతోందో చూసి, దానికి కింది హద్దు పెట్టండి. పదేళ్ల కిందటి వెర్షన్లు మీకు ఎలాగూ అక్కర్లేదు కదా. ఆ ఒక్క హద్దుతో అరగంట పని అర నిమిషానికి దిగడం నేను చూశాను.

నంపై ఇన్‌స్టాల్ చేస్తుంటే 'పీకేజీ యుటిల్‌లో ఇంప్ ఇంపోర్టర్ లేదు' అంటోంది. నంపైకీ దానికీ ఏం సంబంధం?

మీది పైతాన్ 3.12, మీరు అడిగింది నంపై 1.23 లాంటి పాతది. ఆ వెర్షన్‌కి 3.12 కోసం కట్టిన వీల్ పైపీఐలో లేదు. వీల్ దొరక్కపోతే పిప్ సోర్స్ దింపుకుని మీ మెషీన్‌లోనే కట్టడానికి పూనుకుంటుంది. కట్టడానికి నంపై 1.23 తన కాలపు సెటప్‌టూల్స్ అనే పనిముట్టుని తెచ్చుకుంటుంది. ఆ పాత సెటప్‌టూల్స్ 'ఇంప్ ఇంపోర్టర్'ని పిలుస్తుంది. దాన్ని 2023 అక్టోబరులో వచ్చిన పైతాన్ 3.12 నుంచి తీసేశారు. అక్కడ కూలిపోతుంది.

ఈ ఎర్రర్ చూసి సెటప్‌టూల్స్‌ని అప్‌గ్రేడ్ చేసేవాళ్లు చాలామంది. దానివల్ల ఏమీ మారదు, ఎందుకంటే కట్టడం వేరే తాత్కాలిక ఎన్విరాన్‌మెంట్‌లో జరుగుతుంది, మీ సెటప్‌టూల్స్ అక్కడికి వెళ్లదు. పైతాన్ 3.12కి మొదట మద్దతిచ్చిన నంపై 1.26. అక్కడికి వెళ్లండి, లేదా పైతాన్ 3.11లో ఉండండి.

పైయామెల్ 5.4.1 ఇన్‌స్టాల్ కావట్లేదు, 'సైథాన్ సోర్సెస్' అని ఎర్రర్. పాతదే కదా, మారిందేంటి?

పైయామెల్ మారలేదు, దాన్ని కట్టే పనిముట్టు మారింది. 2023 జులైలో సైథాన్ 3.0 వచ్చింది. పైయామెల్ 5.4.1 తనని కట్టడానికి సైథాన్ కావాలని రాసుకుంది, ఏ వెర్షనో రాసుకోలేదు. 6.0.1కి ఎక్కితే చాలు, సైథాన్ 3 వచ్చిన వెంటనే దీనికోసమే దాన్ని విడుదల చేశారు. ఒకటి గుర్తుంచుకోండి: 5 నుంచి 6కి వచ్చేసరికి 'యామెల్ లోడ్' అన్న ఫంక్షన్‌కి లోడర్ ఏదో తప్పనిసరిగా చెప్పాలి. మామూలు కాన్ఫిగ్ ఫైళ్లకు 'సేఫ్ లోడ్' వాడేయండి.

ఇన్‌స్టాల్ అయింది, నడిపితే 'నంపై డీటైప్ సైజ్ ఛేంజ్డ్' అంటోంది. 96 అట, 88 అట!

ఆ అంకెలు బైట్లు. 2024 జూన్ 16న నంపై 2.0 వచ్చింది. 2006 తర్వాత మొదటి పెద్ద వెర్షన్ అది, మెమరీలో డీటైప్ (డేటా రకాన్ని చెప్పే నిర్మాణం) అమరిక కూడా మారింది. నంపై 1 మీద కంపైల్ చేసిన లైబ్రరీ 96 బైట్లు ఉంటాయనుకుని వచ్చి, 88 చూసి ఆగిపోతోంది. ఆగిపోవడమే మేలు, ఆగకపోతే తప్పు లెక్కలు వచ్చేవి. ట్రేస్‌బ్యాక్‌లో (ఎర్రర్ వచ్చిన దారి చూపే వరుసల్లో) నంపై పేరుకి ముందు ఏ లైబ్రరీ ఫైల్ కనిపిస్తోందో చూడండి, నేరస్థుడు అదే. పాండాస్ అయితే 2.2.2కి గానీ ఆపైకి గానీ తీసుకెళ్లండి. నంపై 2 మీద కట్టిన లైబ్రరీలు నంపై 1తో కూడా నడుస్తాయి కాబట్టి, ముందు ఆ లైబ్రరీలను ఎక్కించి, చివర్లో నంపైని ఎక్కించడం సాఫీగా ఉంటుంది.

## సర్దేటప్పుడు

అన్నీ ఒకేసారి అప్‌గ్రేడ్ కొట్టేస్తే అయిపోదా?

అయిపోతుంది, కానీ ఏది దేన్ని పగలగొట్టిందో మీకు తెలియదు. ఒక కమిట్‌కి ఒక లైబ్రరీ. టెస్టులు పాసైతే కమిట్, తర్వాతది. ఇలా చేస్తే నెల తర్వాత ఏదో తేడా కనిపించినా గిట్ బైసెక్ట్ (పగలగొట్టిన కమిట్‌ని వెతికే ఆదేశం) నేరుగా ఆ కమిట్ దగ్గరికి తీసుకెళ్తుంది. పద్నాలుగు లైబ్రరీలు ఒకే కమిట్‌లో ఎక్కిస్తే బైసెక్ట్ ఆ కమిట్ చూపించి ఊరుకుంటుంది, మిగతాది మళ్లీ మీ నెత్తినే.

పిల్లో 10కి వెళ్తే 'టెక్స్ట్‌సైజ్ లేదు' అంటోంది. మార్చాక అక్షరాలు కిందకీ పైకీ జరిగాయి, ఎందుకు?

టెక్స్ట్‌సైజ్ వెడల్పు, ఎత్తు అని రెండు అంకెలు ఇచ్చేది. దాని బదులు వాడాల్సిన టెక్స్ట్‌బీబాక్స్ ఎడమ, పై, కుడి, కింద అని నాలుగు ఇస్తుంది. అందరూ చేసే పని: కుడిలోంచి ఎడమ తీసేసి వెడల్పు, కిందలోంచి పై తీసేసి ఎత్తు. చూడ్డానికి సరిగ్గానే ఉంది. కానీ టెక్స్ట్‌సైజ్ ఇచ్చిన ఎత్తులో అక్షరం పైన ఉండే ఖాళీ కూడా కలిసి ఉండేది. ఇప్పుడు తీసివేతతో ఆ ఖాళీ పోయింది, కాబట్టి నిలువుగా మధ్యలో పెట్టిన వాక్యం జరిగింది. పాత బొమ్మలాగే రావాలంటే సున్నా, సున్నా దగ్గర కొలిచి, 'కింద' అంకెనే ఎత్తుగా తీసుకోండి.

తెలుగులో ఈ తేడా బాగా కనిపిస్తుంది. 'అమ్మ' అని రాస్తే కింద మ వత్తు దిగుతుంది, 'కీ' అని రాస్తే పైన గుడి దీర్ఘం లేస్తుంది. వరుస వరుసకీ పెట్టె ఎత్తు మారుతుంది. ఇంగ్లిష్ వాక్యాలతో టెస్ట్ చేసి బాగుందనుకున్న మార్పు, తెలుగు పద్యం నాలుగు పాదాలు వేయగానే పాదాల మధ్య ఎడం ఎగుడుదిగుడైంది. అప్పట్నుంచి మా టెస్టుల్లో వత్తులు, గుడులు ఉన్న వాక్యాలే పెట్టాం.

టెక్స్ట్‌బీబాక్స్ పిల్లో 8.0 నుంచే ఉంది. బొమ్మ సైజు మార్చేటప్పుడు 'యాంటీ అలియాస్' బదులు వాడాల్సిన 'లాంచోస్' ఇంకా పాతది. అంటే పాత పిల్లో మీద ఉండగానే కోడ్ అంతా మార్చేసుకుని, టెస్టులు చూసుకుని, ఆ తర్వాత తీరిగ్గా 10కి ఎక్కొచ్చు. రెండు పక్కలా నిలబడే ఇలాంటి వంతెన ప్రతి పెద్ద అప్‌గ్రేడ్‌కీ ముందు వెతకండి, తొంభై శాతం పని అక్కడే అయిపోతుంది.

అప్‌గ్రేడ్ అయ్యాక సర్వర్‌లో మాత్రం వత్తులు విడిపోయి పొల్లులుగా వస్తున్నాయి. ఏం పోయింది?

'స్త్రీ' అన్న మాట స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని ముక్కలుగా వచ్చిందంటే రాక్మ్ పనిచేయట్లేదన్నమాట. తెలుగు అక్షరాలను కలిపి వత్తులుగా పేర్చడానికి పిల్లోకి రాక్మ్ కావాలి. 8.2.0 నుంచి వీల్స్‌లో రాక్మ్ కలిసే వస్తుంది, కానీ అది నడిచేటప్పుడు సిస్టమ్‌లో ఉన్న ఫ్రిబిడీ లైబ్రరీని వెతుక్కుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఫ్రిబిడీ వేరే ప్రోగ్రాములతో వచ్చేసి ఉంటుంది. చిన్న డాకర్ ఇమేజ్‌లో ఉండకపోవచ్చు. అప్పుడు పిల్లో ఎర్రర్ ఇవ్వదు, చప్పుడు చేయకుండా మామూలు లేఅవుట్‌కి మారిపోతుంది. డాకర్ ఫైల్‌లో ఫ్రిబిడీ చేర్చండి. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడే పిల్లో 'ఫీచర్స్ చెక్'తో రాక్మ్ ఉందో లేదో అడిగి, లేకపోతే అక్కడే ఆపేయండి. ఇది ఏ రిజాల్వర్ పట్టుకోలేని డిపెండెన్సీ, పైపీఐ పరిధిలో లేదు.

'నంపై 2 కంటే తక్కువ' అని రాసేస్తే తప్పా?

ఇవాళ్టికి తప్పు కాదు. మీది జనం నేరుగా నడిపే ప్రోగ్రామ్ అయితే పెద్ద నష్టం లేదు. మీది ఇతరులు వాడుకునే లైబ్రరీ అయితే ఆ పై హద్దు వాళ్ల నెత్తిన కూర్చుంటుంది, రేపు వాళ్ల స్క్రీన్ మీద కాన్‌ఫ్లిక్ట్‌గా కనిపించేది మీ పేరే. పగులుతుందని మీరు కళ్లారా చూసినప్పుడే పై హద్దు పెట్టండి, పక్కన కామెంట్‌లో కారణం, ఇష్యూ నంబరు రాయండి. కారణం రాయని పిన్ రెండేళ్లకు తాళంచెవి పోయిన తాళం అవుతుంది.

'నో డెప్స్' ఇచ్చి బలవంతంగా ఇన్‌స్టాల్ చేస్తే నడుస్తోంది. అలా ఉంచేయొచ్చా?

పరీక్షకి అయితే వాడండి. ఒక లైబ్రరీ పెట్టిన పై హద్దు నిజంగా అవసరమా, లేక భయంతో పెట్టిందా అని తెలుసుకోవడానికి ఇది మంచి మార్గం. టెస్టులన్నీ పాసైతే ఆ సంగతి ఆ లైబ్రరీ మెయింటైనర్లకు చెప్పి, హద్దు సడలించమని అడగండి. రిలీజ్‌లో మాత్రం అలా ఉంచొద్దు. 'పిప్ చెక్' కొడితే ఏమేం కుదరలేదో జాబితా ఇస్తుంది. మా సీఐలో (ప్రతి మార్పుకీ టెస్టులు నడిపే వ్యవస్థలో) అది ఫెయిలైతే మెర్జ్ ఆగిపోతుంది.

లైబ్రరీ మెయింటైనర్ రెండేళ్లుగా పలకట్లేదు. ఫోర్క్ చేసేయనా?

ముందు ఎవరైనా ఇప్పటికే చేశారేమో చూడండి. మనం రోజూ వాడే పిల్లోనే ఒక ఫోర్క్, అంటే వేరే ప్రాజెక్టు కోడ్ కాపీ చేసుకుని విడిగా సాగించింది. అసలు పీఐఎల్ చివరి విడుదల 2009లో 1.1.7, పిల్లో 2010లో మొదలైంది. ఇప్పటికీ 'ఇంపోర్ట్ పీఐఎల్' అనే రాస్తున్నాం. ఫోర్క్ చేయడం పది నిమిషాల పని, దాన్ని మోయడం ఏళ్ల పని.

మీకు కావాల్సింది ఒకే ఫంక్షన్ అయితే, లైసెన్సు ఒప్పుకుంటే, దాన్ని లైసెన్సు నోటీసుతో సహా మీ కోడ్‌లోకి తెచ్చుకోండి. ముప్ఫై వరుసల కోసం ఒక చనిపోయిన లైబ్రరీని వెంట తిప్పుకోవడం కంటే అది ఎన్నో రెట్లు నయం. మెయింటైనర్‌కి రాసేటప్పుడు మర్యాదగా రాయండి. జీతం లేకుండా ఇన్నాళ్లు మోసిన మనిషి ఆయన, లేదా ఆమె. 'ఎందుకు పట్టించుకోవట్లేదు' అన్న ప్రశ్న కంటే, టెస్టుతో సహా పంపిన పుల్ రిక్వెస్ట్‌కి (మార్పు చేర్చమని పంపే విన్నపానికి) జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

## పంపేటప్పుడు, ఆ తర్వాత

వెర్షన్లు కచ్చితంగా రాయాలా, వదులుగా రాయాలా?

రెండూ కావాలి, వేర్వేరు ఫైళ్లలో. పైప్రాజెక్ట్ ఫైల్‌లో మీ కోడ్‌కి నిజంగా ఏ పరిధి కావాలో రాయండి: పిల్లో 8.2 గానీ ఆపైది గానీ, అలాగ. లాక్ ఫైల్‌లో ఇవాళ ఏ కచ్చితమైన వెర్షన్లతో టెస్ట్ చేశారో, కింది లైబ్రరీలతో సహా, ఉండాలి. లాక్ ఫైల్‌ని చేత్తో దిద్దొద్దు, పిప్ టూల్స్ గానీ యూవీ గానీ తయారుచేయాలి.

కింది హద్దు 8.2 అని రాశారు, నిజంగా 8.2తో నడిపి చూశారా? యూవీలో 'లోయెస్ట్ డైరెక్ట్' రిజల్యూషన్‌తో సీఐలో ఒక జాబ్ పెడితే మీరు రాసిన కింది హద్దులతోనే ఇన్‌స్టాల్ చేసి టెస్టులు నడుపుతుంది. మేం పెట్టిన మొదటి రోజే మూడు హద్దులు అబద్ధమని తేలాయి.

లైబ్రరీల కొత్త వెర్షన్లు కనిపెట్టే డిపెండాబాట్ ఒకే రోజు ఇరవై పుల్ రిక్వెస్టులు తెరిచింది. అన్నీ చూడాలా?

ప్యాచ్, మైనర్ వెర్షన్లను ఒక గ్రూపుగా వారానికోసారి రమ్మని కాన్ఫిగ్‌లో రాయండి. మేజర్ వెర్షన్లు, భద్రతా సవరణలు మాత్రం విడివిడిగా రానివ్వండి, వాటి ఛేంజ్‌లాగ్ మనిషి చదవాలి.

హెచ్చరికలు ముందే వస్తాయంటారు, నాకెప్పుడూ కనిపించలేదే?

పైతాన్ 'డిప్రికేషన్ వార్నింగ్'ని మామూలుగా నడిపేటప్పుడు చాలావరకు చూపించదు. టెస్టులు నడిపే పైటెస్ట్ చూపిస్తుంది, కానీ చివర్లో, అందరూ దాటేసే చోట. మా సీఐలో వాటిని ఎర్రర్లుగా మార్చేశాం. నంపైలో 'ఎన్పీ డాట్ ఫ్లోట్' అన్న పేరు 2021 జనవరిలో 1.20 నుంచి హెచ్చరిక ఇస్తూ, 2022 డిసెంబరులో 1.24లో పోయింది. దాదాపు రెండేళ్ల గడువు.

పాత పైతాన్‌కి మద్దతు ఎప్పుడు ఆపాలి?

ప్రతి పైతాన్ వెర్షన్‌కీ ఐదేళ్లు భద్రతా సవరణలు వస్తాయి. 3.8కి 2024 అక్టోబరులో, 3.9కి 2025 అక్టోబరులో గడువు అయిపోయింది. గడువు దాటినవాటిని మేం తర్వాతి మైనర్ రిలీజ్‌లో వదిలేస్తాం. వదిలేసేటప్పుడు 'రిక్వైర్స్ పైతాన్' విలువ మార్చడం మరవొద్దు. అది సరిగ్గా ఉంటే, పాత పైతాన్ మీద ఉన్నవాళ్లకు పిప్ దానంతట అదే మా పాత రిలీజ్‌ని ఇస్తుంది, వాళ్ల దగ్గర ఏమీ పగలదు. మరిచిపోతే కొత్త కోడ్ వాళ్ల మెషీన్‌లోకి దిగి, మొదటి ఇంపోర్ట్‌లోనే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. ఒకసారి అలా మరిచిపోయాం. అప్పుడు పైపీఐలో ఆ రిలీజ్‌ని 'యాంక్' చేసి (కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లకు రాకుండా పక్కనపెట్టి), ఒక్క వరుస సరిచేసి, గంటలో కొత్తది విడుదల చేశాం.